నాయన వెనక మంచుకొండ

మా బావ స్టూడియోలో ఒక మంచుకొండ ఉండేది. గోడ నిండా వేలాడే గుడ్డ పరదా మీద ఎవరో పెయింటర్ వేసిన కొండ. తెల్లటి శిఖరం, కింద నీలం చెరువు, చెరువులో రెండు హంసలు, గట్టున ఎర్ర పెంకుల బంగళా. మా పావగడ ఎండల సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ ఎండల్లో తిరుమణి నుంచీ అరసికెరె నుంచీ బస్సులో దిగిన కొత్త జంటలు ఆ కొండ ముందు నిలబడేవాళ్ళు. పెండ్లికొడుకు కోటు చంకల్లో తడిసిపోయి ఉండేది. పెండ్లికూతురి పౌడరు మీద చెమట గీతలు పడేవి. నేను టవలుతో తుడిచేవాణ్ణి, బావ ఫొటో తీసేవాడు. తాలూకాలో ఎన్నో ఇండ్లలో ఆ కొండ ఇప్పటికీ గోడకు వేలాడుతోంది. మా నాయన ఫొటోలో ఉన్నదీ అలాంటి కొండే. దానివల్లే నాకూ బావకూ మాటలు పోయాయి.

బావ అంటే మా అక్క మొగుడు. ఫొటో పని నాకు నేర్పింది ఆయనే, ఆ మాట కాదనను. పెండ్లి ఊరేగింపు వస్తుంటే ఫొటోగ్రాఫర్ దానికి ఎదురుగా నిలబడి, కెమెరాలో కన్ను పెట్టి, వెనక్కి వెనక్కి నడవాలి. వెనక ఏముందో ఆయనకు కనపడదు. అందుకని ఇంకొకడు వెనక నిలబడి ఆయన బెల్టు పట్టుకొని నడిపించాలి. ఆ ఇంకొకణ్ణి నేను. కుడికి లాగితే కుడికి, ఎడమకు లాగితే ఎడమకు వచ్చేవాడు. గడప అడ్డం వచ్చినా, కాలువ వచ్చినా, వంటల పొయ్యి వచ్చినా నేను అనాల్సిన మాట ఒకటే, "మెట్టు". అది వినగానే ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేయాలి. తిరిగి చూడకూడదు, చూస్తే ఫొటో పోతుంది. అన్ని పెండ్లిళ్ళలో ఒక్కసారి కూడా ఆయన తిరిగి చూడలేదు.

నాయన ఒకప్పుడు గొర్రెలు కాసినవాడు. గొర్రెలు అమ్మేసి సేద్యంలోకి దిగినా భుజం మీంచి గొంగడి మాత్రం దిగలేదు. ఎండలోనూ అదే, చలిలోనూ అదే. ఫొటో అంటే ఆయనకు చిరాకు. "నా మొగం నీకు తెల్సు, మీయమ్మకు తెల్సు. ఇంకెవురికి చూపిస్తావురా?" అనేవాడు. ఒకే ఒక్కసారి, తిరుమణి పక్కన మా చేనిలో శనక్కాయ పీకుతున్నప్పుడు, బతిమాలి నిలబెట్టాను. ఒంటి మీద చొక్కా లేదు. మోకాళ్ళ దాకా మట్టికొట్టుకున్న పంచె, ఎడమ భుజం మీద గొంగడి, కుడి భుజం మీద చిన్నప్పుడెప్పుడో పొట్టేలు కుమ్మిన మచ్చ. వెనక పీకిన శనక్కాయ చెట్ల కుప్ప, దాని అవతల మా తుమ్మచెట్టు, ఇంకా అవతల గుండ్రాళ్ళ గుట్ట. ఫొటోలో నాయన నన్ను తిట్టడానికి నోరు తెరవబోతున్నట్టు ఉంటాడు. అంటే ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నాడు.

తర్వాత అందరూ ఇచ్చినట్టే మేమూ ఆ చేనిని సోలారు కరెంటు కంపెనీకి ఇచ్చాం. ఇచ్చింది మేమే, సంతకాలు పెట్టిందీ మేమే, దాని గురించి నాకు ఎవరి మీదా కోపం లేదు. తుమ్మచెట్టు పోయింది, గట్లు పోయాయి, కంచె వచ్చింది, కంచె లోపల పలకలు వచ్చాయి. ఆ తర్వాత నాయన పోయాడు.

గుండు చేయించుకొని ఇంట్లో కూర్చున్న నాకు కదలడానికి లేదు. ఫొటో పెద్దది చేయించే పని బావ నెత్తిన వేసుకున్నాడు. పెద్దకర్మ రోజు పొద్దున్నే ఫ్రేము కట్టించి, దండ వేసి, తెచ్చి గోడకు ఆనించాడు. చూస్తే నాయన మంచుకొండ ముందు నిలబడి ఉన్నాడు. శనక్కాయ కుప్ప లేదు. తుమ్మచెట్టు లేదు. గుట్ట లేదు. పంచె బట్టల సబ్బు అడ్వర్టైజుమెంటులోలా తెల్లగా ఉంది. గొంగడి కూడా లేదు. గొంగడి తీసేసినచోట భుజం కావాలి కదా, కుడి భుజాన్నే తిప్పి ఎడమవైపు అతికించాడు. పొట్టేలు కుమ్మిన మచ్చ రెండు భుజాల మీదా ఉంది. ఒక పొట్టేలు ఒక మనిషిని కొలత పెట్టి రెండు పక్కలా కుమ్ముతుందా?

చుట్టాలందరూ మొక్కారు. "కైలాసం పోయినట్టే ఉండాదప్పా!" అన్నారు. బావ ముఖం వెలిగిపోయింది.

నేను ఆయన్ను పక్కకు పిలిచి పాత ఫొటో ఎక్కడుందని అడిగాను.

"దాని మీదే సేవ్ చేసినా. ఆ చెత్త కుప్పా, ఆ చిరిగిన గొంగడీ ఎందుకప్పా మామకి? శివుని పక్కన నిలబెట్టినా" అన్నాడు.

కెమెరా కార్డు అప్పటికే ఎన్ని పెండ్లిళ్ళకు వాడేశామో. ఇంకెక్కడా ఆ ఫొటో లేదు. నేల మీద లేని చేను ఆ ఒక్క ఫొటోలోనైనా ఉంటుందనుకున్నాను. అక్కడినుంచి కూడా పెరికేశాడు. పెద్దకర్మ భోజనాల మధ్యలోనే నేను గట్టిగా అరిచాను, ఆయనా అరిచాడు, అక్క ఏడ్చింది. నెల తిరక్కుండానే ఆయన స్టూడియోకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల, నా స్టూడియో తెరిచాను. పరదాకు ఉత్త నీలం గుడ్డ కట్టాను.

మాటల్లేకపోవడమంటే మా వైపు ఊరికే మూతి ముడుచుకోవడం కాదు. దానికీ ఒక పద్ధతి ఉంటుంది. మాటల్లేని ఇద్దరూ ఒకేచోట పడితే ఎదుటివాడితో మాట్లాడకూడదు, గాలితో మాట్లాడాలి. పేరు పెట్టి గానీ వరస పెట్టి గానీ పిలవకూడదు. "ఎవరో" అనాలి. అక్క ఇంటికి వెళితే బావ స్తంభంతో చెప్పేవాడు, "ఎవురో వచ్చినట్టుండారు, టీ తాగుతారేమో కనుక్కోండప్పా" అని. నేను ఆ ఇంటి మేకతో చెప్పేవాణ్ణి, "కొందరి ఇండ్లలో టీ కంటే కుడితి నయం" అని. ఒకే పెండ్లిలో పిల్లవైపు ఆయన, పిల్లోడివైపు నేను వెళ్ళామంటే పెండ్లికొడుక్కి తలనొప్పి. "ఆ పక్కనున్నోళ్ళని కొంచెం జరగమనప్పా" అని ఇద్దరమూ వాడి చెవిలోనే అరిచేవాళ్ళం. ఇందులో ఇంకొక సౌకర్యం కూడా ఉంది. "ఎవరో" అన్న మాటను ఎదుటివాడు తనది కాదనుకొని వదిలేయొచ్చు. తప్పు పట్టేవాళ్ళు లేరు.

మా తాలూకా ఫొటోగ్రాఫర్లకు ఒక సంఘం ఉంది. చలికాలంలో ఒకసారి అందరూ కలిసి ఎక్కడికైనా వెళ్ళి ఫొటోలు తీసుకొని వస్తారు. ఆ యేడు ఉత్తరాదికి, హిమాలయాల్లోకి వెళ్ళి మంచులో కొండ ఎక్కాలన్నారు. బావ వస్తే నేను రానని సంఘం పెద్దాయనకు చెప్పాను. నేను వస్తే తాను రానని బావ అప్పటికే చెప్పి ఉన్నాడు. పెద్దాయన నవ్వి, "అయితే ఇద్దరూ ఇంట్లోనే ఉండండప్పా" అన్నాడు. బావ బయల్దేరి నేను ఉండిపోతే నేను ఓడిపోయినట్టే కదా. బావా అట్లాగే అనుకొని ఉంటాడు. ఇద్దరమూ వెళ్ళాం.

బయల్దేరేరోజు అమ్మ ఒక మాట అంది. "మీ నాయన నిలబడిన చోటు ఎట్లుంటాదో చూసి రాప్పా. వచ్చి నాకు చెప్పు."

అది అచ్చంగా నమ్మే అందో, ఊరికే అందో నాకు తెలియలేదు. ఒళ్ళు మండింది. ఆయన నిలబడింది అక్కడ కాదమ్మా, మన చేనిలో అన్నాను. అమ్మ చపాతీల మూట చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

మంచు గురించి నాకున్న మర్యాద మొదటి గంటలోనే పోయింది. రోడ్డు పక్కన అది తెల్లగా కూడా లేదు. గుర్రాల మూత్రంతో పచ్చగా, టీ గ్లాసులతో, బీడీ ముక్కలతో ఉంది. అద్దె బూట్లు ఎవరెవరి కాళ్ళో తొడిగి విడిచినవి, లోపల తడి. మా వైపు మంచు అంటే పుష్యమాసంలో పొద్దున్నే ఆకుల మీద పడే తడి, ఎండ రాగానే మర్యాదగా లేచి పోతుంది. ఇది పోయే రకం కాదు. ముక్కులోకి దూరుతుంది, గోళ్ళ కింద దూరుతుంది, పళ్ళు పీకినట్టు సలుపుతుంది. బ్యాటరీలు చచ్చిపోతుంటే తీసి చంకల్లో పెట్టుకొని కోళ్ళలా నడిచాం. మావాళ్ళు ఒక్క చెట్టు కనపడితే చాలు, అందరూ దాని మీద పడి, ఒకడి స్టాండు కాలు ఇంకొకడి ఫ్రేములో పడిందని బూతులు తిట్టుకున్నారు. ఒకడు చొక్కా విప్పి మంచులో పండుకొని ఫొటో తీయించుకున్నాడు, ఆ సాయంత్రమంతా దగ్గుతూ కూర్చున్నాడు. వాణ్ణి చూసి జాలి పడలేదు.

గుడారాలు పంచినప్పుడు పెద్దాయన నన్నూ బావనూ ఒకదానిలోనే వేశాడు. "మాట్లాడుకుంటారో, మూతులు ముడుచుకుంటారో మీ ఇష్టం. ఇంకొకరి నిద్ర మాత్రం చెడగొట్టొద్దు" అన్నాడు.

బావ తన బూట్లతో చెప్పాడు, "కొందరు సంచులు అడ్డంగా పెడతాండారు."

నేను గుడారం కట్టెతో చెప్పాను, "గురక పెట్టేవాళ్ళ కంటే సంచులు మేలు."

మర్నాడు తెల్లవారాక కొండ గట్టు ఎక్కడం మొదలుపెట్టాం. ముందు ఆ ఊరి గైడు, వెనక మేము వరసగా. గట్టు మీదికి చేరబోయే ముందు గైడు ఆగి హిందీలో ఏదో గట్టిగా చెప్పాడు. పెద్దాయన దాన్ని మాకు చెప్పాడు.

"కుడిపక్క అంచుకు పోవద్దంట. గాలికి మంచు అంచు దాటి బయటికి పేరుకుంటాదంట, మన ఇంటి చూరు మాదిరి. పైనుంచి చూస్తే నేలలాగే ఉంటాదంట. కింద ఏమీ ఉండదంట."

అందరూ తలలూపారు. బావ అందరికంటే వెనక, కోతిటోపీ చెవుల మీదికి లాక్కొని, చంకలోంచి బ్యాటరీ తీసి మార్చుకుంటున్నాడు. ఆయన వినలేదు. వినలేదని నేను చూశాను. వచ్చి కలిశాక ఎవరైనా చెబుతారులే అనుకొని నడిచాను.

గట్టు మీదికి చేరితే ఎడమపక్కన పెద్ద శిఖరం కనపడాలి. మేఘం తప్ప ఏమీ కనపడలేదు. నిలబడి నిలబడి మావాళ్ళు విసుగెత్తి, గైడుతో కలిసి కొంచెం కింద గాలి లేని చోటికి టీ తాగడానికి వెళ్ళారు. బావ కదల్లేదు. ఆయన ఒక్కడే ఉండగా మేఘం విడిపోతే? ఆ ఫొటో ఆయన స్టూడియో అద్దంలో పెట్టుకుంటే, రోడ్డు ఇవతల కూర్చొని రోజూ నేను చూడాలి. నేనూ కదల్లేదు. మంచు రాలడం మొదలైంది. పిలిస్తే వినపడేంత దూరంలో ఇద్దరమూ రెండు గుంజల్లా నిలబడ్డాం. ఎందుకొచ్చిన పంతమని ఒక్క క్షణం కూడా అనిపించలేదు, నాకైతే కోపంగానే ఉంది.

ఉన్నట్టుండి మేఘం విడిపోయింది. పరదా మీద ఉన్నట్టే, అచ్చంగా అట్లాగే, తెల్లగా ఒక కొండ. హంసలూ బంగళా మాత్రం లేవు. ఎంత పెద్దదంటే కెమెరాలో పట్టదు. నేను గబగబా కెమెరా ఎత్తాను. ఫ్రేములో ఒక పక్క బావ కనపడ్డాడు. ఆయనకూ కొండ కెమెరాలో పట్టడం లేదు. అందుకని ఎప్పటి అలవాటు ప్రకారం కన్ను తీయకుండా వెనక్కి నడుస్తున్నాడు. ఒక అడుగు, ఇంకొక అడుగు. శిఖరం ఎడమవైపు ఉంది కాబట్టి ఆయన వెనక్కి పోతున్నది కుడివైపు, చూరు వైపు. వెనక బెల్టు పట్టుకోవడానికి ఎవరూ లేరు.

"ఎవరో చూసుకొని నడవాలప్పా!" అని అరిచాను. అప్పుడు కూడా నా నోటికి "ఎవరో" అనే వచ్చింది. "వెనక చూరు ఉండాది!"

ఆయన కన్ను తీయలేదు. "ఎవురి పని వాళ్ళు చూసుకుంటే మేలు" అన్నాడు గాలితో. ఇంకొక అడుగు వేశాడు.

బావా అని పిలవాలనుకున్నాను. ఇన్నేళ్ళు అనని మాట నోటికి రాలేదు. దాని బదులు వేరే మాట వచ్చింది. నాలిక దాన్ని మర్చిపోలేదు.

"మెట్టు!"

బావ ఆగిపోయాడు. కుడికాలు ఎత్తింది ఎత్తినట్టే ఉంది. తిరిగి చూడలేదు. కెమెరా కంటికే ఉంది. ఆ చలిలో, రాలే మంచులో, ఒంటికాలి మీద, అట్లాగే నిలబడి ఎదురుచూశాడు.

మోకాళ్ళ దాకా దిగబడుతూ వెళ్ళాను. వెనకనుంచి పోవడానికి వీల్లేదు, ముందునుంచే చేతులు చాచి బెల్టు దొరకపుచ్చుకొని ఇవతలికి ఒక్క లాగు లాగాను. ఇద్దరమూ బోర్లా పడ్డాం. ఆయన భుజం మీది సంచి జారి, దొర్లి, అంచున పడింది. అంచు సంచితో సహా వెళ్ళిపోయింది. చాలాసేపు చప్పుడు కోసం విన్నాం, రాలేదు.

భయం పోయాక బూతులు వచ్చాయి. "చెవులు పనిచెయ్యవా నీకు? చెప్తాంటే వినపళ్ళేదా?"

"నువ్వు నాకు చెప్పినావా?" అని ఆయనా లేచాడు. "ఎవురికో చెప్పినావు! ఎవురో అంటే నేనెవుర్ననుకోవాల?"

"ఈడ ఇంకెవురుండారు, నీ తాత ఉండాడా?"

"నువ్వు మేకతో కూడా మాట్లాడతావు కదరా, నాకేం తెల్సు!"

మంచులో కూర్చొని ఇద్దరమూ అక్క పెండ్లి నాటి విషయాల దాకా తవ్వి తిట్టుకున్నాం. ఎన్నాళ్ళుగానో దాచిపెట్టినవన్నీ నేరుగా, ఎదురెదురుగా, నువ్వు అంటే నువ్వు అని. ఆయన పెదవులు నీలంగా అయ్యాయి. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. తిట్టడానికి మాట రాక ఆపేశాడు. ఎదురుగా ఉన్న కొండవైపు చూస్తూ కూర్చున్నాడు. మేఘం మళ్ళీ మూసుకుంటోంది. ఫొటో ఆయనా తీయలేదు, నేనూ తీయలేదు.

"ఇంత సలి ఉంటాదా ఈడ?" అన్నాడు చివరికి. నేను బూట్లలో దూరిన మంచు దులుపుకున్నాను.

"మామను ఈడ నిలబెట్టినానే."

కోతిటోపీ ఇంకా కిందికి లాక్కున్నాడు.

"ఒంటి మీద గుడ్డ లేదు. గొంగడన్నా ఉన్నింటే కప్పుకుంటా ఉండె. దాన్ని కూడా నేనే తీసేసినా."

కళ్ళలో నీళ్ళు వచ్చాయి నాకు. వెంటనే చల్లగా అయిపోయాయి, తుడుచుకోబోతే చేతికి మంచే తగిలింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి కసిగా అన్నాను, "మచ్చ కూడా రెండు భుజాల మీదా పెట్టినావు."

"తెల్సు. ఆ పొద్దు దండేసినాక చూసినా" అన్నాడు. "చూసినాక ఇంగ నీతో ఏమని చెప్పల్ల?"

పావగడకు తిరిగి వచ్చాక మేము కలిసిపోయామని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. స్టూడియోలు ఎదురెదురుగానే ఉన్నాయి. ఆయన బోర్డు లైటు ఇప్పటికీ నా కౌంటరు మీదే కొడుతుంది, తిప్పమంటే తిప్పడు. తేడా ఏమిటంటే ఇప్పుడు రోడ్డుకు అడ్డంగా నేరుగానే తిట్టుకుంటున్నాం. మేకకు తీరిక దొరికింది. పోయిన చేను ఫొటో తిరిగి రాలేదు, అది ఆయన పోగొట్టిందే, ఆ కోపం నాకు పోలేదు. పోవాలని కూడా లేదు.

అమ్మ మాత్రం నేను వచ్చినరోజే అడిగింది, ఎట్లుండాది ఆడ అని.

"శానా సలమ్మా" అన్నాను. అమ్మ గోడమీది ఫొటో వైపు ఒకసారి చూసింది.

తర్వాత ఒక ఆదివారం బావ వచ్చాడు. నన్ను పలకరించలేదు. అమ్మను, "అత్తా, మామ గొంగడి యాడుండాది?" అని అడిగాడు. అమ్మ ట్రంకుపెట్టెలోంచి తీసి ఇచ్చింది. ఇంకా గొర్రె వాసన కొడుతోంది. ఆయన స్టూలు వేసుకొని ఎక్కి, దాన్ని ఫ్రేము మీదినుంచి రెండు పక్కలా జారేలా కప్పాడు. ఏ పనీ ఒక్కసారికి సరిగ్గా చేయడు, నాయన మొహం కూడా మూసుకుపోయింది.

"మొగం కప్పుతాండావు. పైకి లాగు" అన్నాను.

లాగాడు. కొండ, మంచు, రెండో మచ్చ అన్నీ గొంగడి కిందికి వెళ్ళిపోయాయి. నాయన మొహం ఒక్కటే మిగిలింది, తిట్టడానికి నోరు తెరవబోతున్నట్టు.

బావ స్టూలు దిగాడు. సరిగ్గా ఉందో లేదో చూడడానికి, ఫొటో మీంచి కన్ను తీయకుండా, వెనక్కి వెనక్కి నడిచాడు. వెనక గడప ఉంది. నేను లేచి వెళ్ళి బెల్టు పట్టుకున్నాను.

"మెట్టు" అన్నాను.

ఆగాడు. తిరిగి చూడలేదు.